డాక్టర్ చెప్పిన స్ట్రెస్ టెన్షన్ కాదమ్మా

ప్రశ్న

డాక్టర్ గారూ, నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా నాన్నకు 57 ఏళ్లు. ముప్ఫై ఏళ్లు లారీ నడిపారు. అప్పటి నుంచీ రోజుకో బీడీ కట్ట. ఈ మధ్య 'తేలిక' అని సిగరెట్లకు మారారు. రెండేళ్లుగా మేడ ఎక్కితే దమ్ము వస్తోంది. పొద్దున్నే గంటసేపు దగ్గి తెమడ ఊస్తారు. మొన్న పట్నంలో చూపిస్తే గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేసి సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు అన్నారు. ఇన్‌హేలర్ రాశారు. పొగ వల్ల ఊపిరితిత్తుల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎక్కువైందని కూడా చెప్పారు.

నాన్న ఆ ఒక్క ముక్క పట్టుకున్నారు. 'నాకు స్ట్రెస్ అని డాక్టరే అన్నాడు, అప్పులు తీరితే అదే పోతుంది, అప్పటిదాకా ఈ టెన్షన్‌కు సిగరెట్ ఉండాల్సిందే' అంటున్నారు. మా బంధువు ఒకాయన యాంటీఆక్సిడెంట్ పొడి డబ్బా 2,800 రూపాయలకు ఇచ్చారు. దాంతోపాటు విటమిన్-ఇ, బీటా కెరోటిన్ మాత్రలు. ఇవి వాడితే ఊపిరితిత్తులు కడిగినట్టు అవుతాయట, సిగరెట్ మానకపోయినా పర్లేదట. నిజమేనా? ఒకసారి పది రోజులు మానేస్తే దగ్గు ఇంకా ఎక్కువైంది, మానడమే పడలేదని మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు మానేస్తే పోయిన ఊపిరి తిరిగొస్తుందా? అమ్మ కూడా కట్టెల పొయ్యి దగ్గర దగ్గుతుంటుంది. ఏం చేయాలో అర్థం కావడం లేదు.

జవాబు

అమ్మా, ముందు ఆ మాత్రల సంగతి చెప్తాను, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. బీటా కెరోటిన్ అంటే క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థం. ఆ మాత్రలు ఈ రోజే ఆపించండి. సిగరెట్ తాగే మనిషికి అవి మేలు చేయవు, కీడు చేస్తాయి. ఇది 29 వేల మంది మీద చేసిన పరీక్షలో తేలిన విషయం. ఇన్‌హేలర్ మాత్రం ఒక్క పూట కూడా ఆపవద్దు.

ఇప్పుడు ఆ 'స్ట్రెస్' మాట. మీ నాన్నగారిది తప్పని నేను అనను. స్ట్రెస్ అనే మాట మనం రోజూ ఒకే అర్థంలో వాడుతున్నాం. డాక్టర్ ఆ మాట అని ఊరుకుంటే ఎవరైనా అప్పులనూ పిల్లల చదువులనూ తలచుకుంటారు. కానీ ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కు మనసుతో పని లేదు. అప్పు లేనివాడికీ, హాయిగా నిద్రపోతున్నవాడికీ అది ఉండవచ్చు. అది రసాయనాల గొడవ.

వంకాయ కోసి గిన్నెలో అలాగే వదిలేస్తే కాసేపటికి ముక్కలు నల్లబడతాయి కదా. అందుకే ఉప్పు నీళ్లలో వేస్తాం. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఆ ముక్కలో జరిగే మార్పును ఆక్సీకరణ అంటారు. ఇనుము తుప్పు పట్టడమూ, డబ్బాలో నూనె వాసన మారడమూ ఈ కోవలోవే. మన ఒంట్లోనూ ఇది నిత్యం జరుగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ పీల్చి బతికే ప్రాణికి అది తప్పదు. ఆ క్రమంలో ఫ్రీ రాడికల్స్ అనే అణువులు పుడతాయి. వాటికి ఒక ఎలక్ట్రాన్ కొరత. ఆ కొరత తీర్చుకోవడానికి పక్కన ఏది దొరికితే దాని నుంచి లాక్కుంటాయి. కొవ్వు పొర దొరికితే దాన్ని, ప్రొటీన్ దొరికితే దాన్ని, డీఎన్‌ఏ దొరికితే దాన్ని. వాటిని ఆపడానికి శరీరం దగ్గర సొంత కాపలా ఉంది. గ్లూటాథయోన్ అనే పదార్థం, కొన్ని ఎంజైములు, మనం తినేదాంట్లోంచి వచ్చే విటమిన్-సి, విటమిన్-ఇ. వీటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ రెండు పక్షాలూ సరితూగుతాయి. దాడి పక్షం బరువెక్కి కాపలా చాలకపోతే దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. తెలుగులో ఆక్సీకరణ భారం అనుకోండి. మీ నాన్నగారికి చెప్పేటప్పుడు స్ట్రెస్ అనే మాట వదిలేసి 'లోపల తుప్పు' అనండి. లారీ నడిపిన మనిషికి తుప్పు అంటే ఏమిటో నేను వివరించనక్కర్లేదు.

ఈ తుప్పు ఊపిరితిత్తులకే ఎందుకింత పడుతుంది? శరీరంలో బయటి గాలికి అంత తెరిచిపెట్టిన అవయవం ఇంకొకటి లేదు. రోజుకు సుమారు పదివేల లీటర్ల గాలి లోపలికి పోయి వస్తుంది. ఆ గాలి చేరేది 30 నుంచి 50 కోట్ల వరకూ ఉండే చిన్న చిన్న గాలి గదుల్లోకి. వాటన్నిటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, అంటే రెండు గదుల డాబా ఇంటి నేలంత వస్తుంది. గాలికీ రక్తానికీ మధ్య ఆ గోడ వెంట్రుకలో వందో వంతు మందం కూడా ఉండదు. అంత పల్చటి గోడ మీద మనం పొగ పోస్తున్నాం.

ఆ పొగలో ఏముందో 1985లో అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన డేనియల్ చర్చ్, విలియం ప్రయర్ అనే శాస్త్రవేత్తలు లెక్కకట్టి ప్రచురించారు. సిగరెట్ ఒక్క దమ్ములో, పొగలోని వాయు భాగంలోనే, ఒకటి పక్కన 15 సున్నాలు పెట్టినన్ని ఫ్రీ రాడికల్స్ ఉంటాయి. మళ్లీ చెప్తున్నాను, ఒక్క సిగరెట్‌లో కాదు, ఒక్క దమ్ములో. ఇక తారు, అంటే పొగలోని జిగురు భాగం, ఒక గ్రాములో ఒకటి పక్కన 17 సున్నాలన్ని. వాయువులోవి క్షణాల్లో పుట్టి క్షణాల్లో పోతాయి. తారులోవి అలా పోవు. లోపల గోడలకు అంటుకుని ఉండిపోతాయి. అక్కడున్న ఇనుముతోనూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనూ కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అనేదాన్ని పుట్టిస్తూ ఉంటాయి. జీవకణానికి అంతకన్నా పదునైన శత్రువు లేదు. సిగరెట్ ఆర్పేసి మనిషి పడుకున్నా ఆ తారు పని ఆపదు.

బీడీ నుంచి సిగరెట్‌కు మారితే తేలిక అన్నది కూడా నిజం కాదు. బీడీ తేలిక అన్నదీ నిజం కాదు. బీడీలో పొగాకు తక్కువే కానీ తునికాకు సరిగా మండదు. లాగకపోతే ఆరిపోతుంది. అందుకని బీడీ తాగేవాళ్లు వెంటవెంటనే, గట్టిగా లాగుతారు. దాంతో తారూ కార్బన్ మోనాక్సైడూ ఎక్కువగానే లోపలికి పోతాయి. ఇన్నేళ్లు బీడీలు తాగిన అలవాటుతో మీ నాన్నగారు సిగరెట్‌నూ అలాగే లాగుతూ ఉంటారు. ఒకసారి గమనించండి.

బయటి నుంచి వచ్చిన దాడి ఇది. దీనికన్నా పెద్ద నష్టం మన సొంత సైన్యం వల్ల జరుగుతుంది. పొగ లోపలికి రాగానే గాలి గదుల్లో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు ఆ మసిని మింగడానికి వస్తాయి. మింగలేక సాయం కోసం రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను పిలుస్తాయి. ఇవి మామూలుగా సూక్ష్మక్రిములను చంపేవి. వాటి ఆయుధాలు కూడా ఈ ఆక్సీకరణ రసాయనాలే. క్రిమి కనిపిస్తే ఒకసారి వాడి ఊరుకుంటాయి. కానీ ఇక్కడ శత్రువు క్రిమి కాదు, రోజుకు పాతికసార్లు వచ్చే పొగ. కాబట్టి అవి ఆయుధం దించే అవకాశమే ఉండదు. ఏళ్ల తరబడి సొంత ఇంటిమీదే కాల్పులు జరుపుతాయి. దీన్నే మేము ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి మంట, అంటాం. తుప్పు మంటను రాజేస్తుంది, మంట మళ్లీ తుప్పును పెంచుతుంది.

ఇక మీ నాన్నగారికి దమ్ము ఎందుకు వస్తోందో చెప్పాలంటే 1963కు వెళ్లాలి. ఈ కథ నేను ప్రతి రోగికీ చెప్తాను, మీకూ ఓపిగ్గా చెప్తాను.

స్వీడన్‌లోని మాల్మోలో కార్ల్-బెర్టిల్ లారెల్, స్టెన్ ఎరిక్సన్ అనే ఇద్దరు వైద్యులు రోగుల రక్తంలో ప్రొటీన్లు పరీక్షిస్తున్నప్పుడు కొద్దిమందిలో ఒక ప్రొటీన్ గీత కనిపించలేదు. దాని పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. అది లేనివాళ్లలో చిన్న వయసులోనే ఎంఫిసీమా, అంటే గాలి గదుల గోడలు తెగిపోయి పెద్ద పెద్ద ఖాళీలు ఏర్పడే జబ్బు, కనిపించింది. ఎందుకంటే న్యూట్రోఫిల్ దగ్గర ఎలాస్టేజ్ అనే కత్తెర ఉంటుంది. ఊపిరితిత్తి సాగి మళ్లీ ముడుచుకోవడానికి కారణమైన ఎలాస్టిన్ అనే రబ్బరులాంటి పోగుల్ని అది కత్తిరించగలదు. ఆ కత్తెరకు తొడిగే ఒర ఈ యాంటీట్రిప్సిన్. పుట్టుకతోనే ఒర లేనివాళ్లకు కత్తెర ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

మీ నాన్నగారికి పుట్టుకతో ఆ లోపం ఉండకపోవచ్చు, చాలామందికి ఉండదు. మరి ఆయన ఊపిరితిత్తి ఎందుకు తెగింది? ఇక్కడే తుప్పు సంగతి మళ్లీ వస్తుంది. ఆ ప్రొటీన్‌లో 358వ స్థానంలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కత్తెరను పట్టుకునే కొక్కెం సరిగ్గా అక్కడే ఉంది. పొగలోని ఆక్సీకరణ రసాయనాలు ఆ ఒక్క చోట తగిలితే చాలు, కొక్కెం పట్టు పోతుంది. ప్రొటీన్ అక్కడే ఉంటుంది, పనికిరాదు. అన్నీ సరిగ్గా ఉండి పుట్టిన మనిషి పొగ తాగి, తన ఊపిరితిత్తుల్లో ఆ లోపాన్ని తానే తెచ్చుకుంటున్నాడు. ఒకవైపు పొగ న్యూట్రోఫిల్స్‌ను పిలిచి కత్తెరలు పెంచుతుంది, మరోవైపు ఒరల్ని తుప్పు పట్టిస్తుంది. సీఓపీడీకి ఇదొక్కటే దారి అని నేను అనడం లేదు. శ్వాసనాళాలు ఇరుకైపోవడం, తెమడ గ్రంథులు ఉబ్బడం, కణాలు ముందే ముసలివైపోవడం, ఇవన్నీ తోడవుతాయి. వీటన్నిటి వెనకా ఈ తుప్పు చెయ్యి ఉంది.

సాగే గుణం పోయిన రబ్బరు బుడగను ఊహించుకోండి. ఊదితే గాలి పోతుంది, వదిలితే పూర్తిగా బయటికి రాదు. మీ నాన్నగారికి మేడ ఎక్కేటప్పుడు జరుగుతున్నది అదే. ఊపిరి లోపలికి పోక కాదు ఆయన ఆయాసం, లోపలి గాలి బయటికి రాక. స్పైరోమెట్రీలో గట్టిగా, పూర్తిగా ఊదమని అరిచినట్టు చెప్పేది దాన్ని కొలవడానికే. మొదటి సెకనులో ఎంత గాలి ఊదగలిగారో అది ఎఫ్‌ఈవీ1. మొత్తం ఊదిన గాలిలో ఆ మొదటి సెకను వాటా, మందు పీల్చాక కూడా, 0.7 కంటే తక్కువుంటే నాళాల్లో అడ్డంకి ఉన్నట్టు.

ఇంకో విషయం. సీఓపీడీలో స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ ఆస్తమాలో పనిచేసినంత బాగా పనిచేయదు. లండన్‌లో పీటర్ బార్న్స్ అనే ఊపిరితిత్తుల నిపుణుడి బృందం దీని కారణం వెతికింది. స్టెరాయిడ్ తన పని చేయాలంటే కణంలో హెచ్‌డాక్-2 అనే ఎంజైమ్ సాయం కావాలి. ఆక్సీకరణ భారం ఆ ఎంజైమ్‌ను దెబ్బతీస్తుంది. అంటే తాగుతూనే ఆ ఇన్‌హేలర్ వాడితే స్టెరాయిడ్ లోపలికి పోతుంది కానీ దాని మాట కణాలు సరిగా వినవు. 'మందు వాడుతున్నాను కదా' అని తాగేవాళ్లకు నేను ముఖ్యంగా చెప్పేది ఇదే. మీ నాన్నగారి ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉందో లేదో డాక్టర్‌ను అడగండి. అందరికీ అది అవసరం ఉండదు.

ఇక పొడి డబ్బా. ఆ బంధువు వాదన వినడానికి బాగానే ఉంటుంది. జబ్బు ఆక్సీకరణ వల్ల వచ్చింది, కాబట్టి యాంటీఆక్సిడెంట్ మింగితే పోతుంది అని. ఆయన్ను నిందించకండి. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా ఒకప్పుడు ఇలాగే అనుకున్నారు. అనుకుని ఊరుకోకుండా పరీక్షించి చూశారు, అదే తేడా.

ఫిన్లాండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది పొగతాగే మగవాళ్లను తీసుకున్నారు. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి విటమిన్-ఇ, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి మాత్ర. ఐదు నుంచి ఎనిమిదేళ్లు ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. విటమిన్-ఇ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను తగ్గించలేదు. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. నమ్మలేకపోయారు. అప్పటికే అమెరికాలో 18,314 మందితో ఇలాంటిదే ఇంకో పరీక్ష నడుస్తోంది, పొగతాగేవాళ్లూ, మానేసినవాళ్లూ, ఆస్బెస్టాస్ పనివాళ్లూ ఉన్నారు అందులో. అక్కడ బీటా కెరోటిన్‌తోపాటు విటమిన్-ఎ ఇచ్చారు. క్యాన్సర్ 28 శాతం ఎక్కువ. 1996 జనవరిలో, అనుకున్న గడువుకు 21 నెలల ముందే, మాత్రలు ఆపేశారు.

మేలు చేయాల్సింది కీడెందుకు చేసింది? బీటా కెరోటిన్ కూడా ఒక అణువే. ఎలక్ట్రాన్ ఇచ్చేశాక అదీ మారిపోతుంది. మామూలు ఊపిరితిత్తిలో పక్కనున్న విటమిన్-సి లాంటివి దాన్ని మళ్లీ బాగుచేస్తాయి. పొగతో నిండిన చోట ఆ సాయం చాలదు. ఆక్సిజన్ ఎక్కువ, రాడికల్స్ ఎక్కువ. అక్కడ అది విరిగి, దాని ముక్కలే హాని మొదలుపెడతాయని శాస్త్రవేత్తల అంచనా. కాపలావాడికి సాయం పంపకుండా దొంగల మధ్యకు తోసేస్తే వాడూ వాళ్లలో కలిసిపోయినట్టు.

ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మాత్ర గురించి కూడా మీరు వినే ఉంటారు, నీళ్లలో వేస్తే బుసబుసమంటుంది. అది గ్లూటాథయోన్ తయారీకి ముడిసరుకు. దీని మీద ఆశ ఎక్కువే ఉండేది. యూరప్‌లో 523 మందికి మూడేళ్లు రోజుకు 600 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఊపిరి తగ్గిపోయే వేగం మారలేదని 2005లో తేలింది. చైనాలో రోజుకు 1,200 మిల్లీగ్రాములు ఇచ్చిన పరీక్షలో, 2014లో, జబ్బు ఒక్కసారిగా ముదిరే సందర్భాలు కొంత తగ్గాయి. కాబట్టి కొందరికి డాక్టర్లు రాస్తారు, రాస్తే వాడవచ్చు. అది సిగరెట్‌కు విరుగుడు మాత్రం కాదు.

పొడి డబ్బాలో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదు, అమ్మినాయనకూ తెలిసి ఉండదు. ఒక్క లెక్క చెప్తాను. పొగతాగేవాళ్ల రక్తంలో విటమిన్-సి నిజంగానే తక్కువగా ఉంటుంది, పొగ దాన్ని ఖర్చు చేసేస్తుంది. అందుకని 2000లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వీళ్లకు మామూలు కంటే రోజుకు 35 మిల్లీగ్రాములు అదనంగా కావాలని చెప్పింది. ఒక మాదిరి జామకాయలో అంతకు నాలుగైదు రెట్లు ఉంటుంది. జామకాయ కొనండి. పండ్లు, ఆకుకూరలు తింటే ఏ హానీ లేదు, హాని చేసింది మాత్ర రూపంలో పెద్ద మోతాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. తిరిగొస్తుందా?

తెగిన గాలి గదులు తిరిగి రావు. ఇది దాచి మీకు మంచి మాట చెప్పలేను. సీఓపీడీ ముదిరినవాళ్లలో మానేశాక కూడా ఆ మంట కొంతకాలం లోపల రగులుతూనే ఉంటుంది. కానీ మిగిలిన ఊపిరి ఎంత వేగంగా కరిగిపోతుందన్నది మాత్రం ఆయన చేతిలో ఉంది, చాలావరకు. పొగ తాగని మనిషికి కూడా వయసుతో ఎఫ్‌ఈవీ1 ఏడాదికి 25-30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. అమెరికా, కెనడాల్లో 5,887 మంది పొగతాగేవాళ్లను పదకొండేళ్లు గమనించిన లంగ్ హెల్త్ స్టడీలో, తాగుతూనే ఉన్న మగవాళ్లకు ఏడాదికి 66 మిల్లీలీటర్లు తగ్గింది. మొదట్లోనే మానేసి మళ్లీ ముట్టనివాళ్లకు 30. వాళ్లంతా అప్పటికే కొంత ఊపిరి దెబ్బతిన్నవాళ్లు, మీ నాన్నగారి లాంటివాళ్లే. 66కూ 30కీ తేడా ఒక ఏడాదిలో కనిపించదు. పదేళ్లలో అది సొంతంగా బజారుకు వెళ్లొచ్చే మనిషికీ, ఆక్సిజన్ మెషిన్ పక్కన కూర్చునే మనిషికీ మధ్య తేడా కావచ్చు.

ఆయుష్షు లెక్క కూడా ఉంది. రిచర్డ్ డాల్ అనే శాస్త్రవేత్త బ్రిటన్ డాక్టర్లను యాభై ఏళ్లు వెంబడించి 2004లో చెప్పింది: 60 ఏళ్లకు మానేసినా సుమారు మూడేళ్ల ఆయుష్షు మిగులుతుంది, 50కి మానేస్తే ఆరేళ్లు. మీ నాన్నగారు ఈ రెంటికీ మధ్యలో ఉన్నారు.

ఆ పది రోజుల దగ్గు సంగతి ఆయనకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఆయన మళ్లీ మొదలుపెట్టింది ఒక మంచి లక్షణాన్ని చూసి భయపడి. శ్వాసనాళాల లోపలి గోడ మీద సీలియా అనే సన్నటి నూగు ఉంటుంది. వరి చేను గాలికి ఊగినట్టు ఊగుతూ అది చెత్తను, తెమడను పైకి తోస్తుంది. పొగ దాన్ని మొద్దుబారుస్తుంది. పొగ ఆపగానే మెల్లగా కదలడం మొదలుపెట్టి, అంతకాలం అడుగున పేరుకున్నదాన్ని పైకి తోస్తుంది. ఆ కొన్ని వారాలు కొందరికి దగ్గూ తెమడా పెరుగుతాయి. ఆయన ఊపిరితిత్తి ఇల్లు ఊడ్చుకోవడం మొదలుపెట్టింది, పదో రోజున చీపురు లాక్కున్నాం. అయితే తెమడలో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా, జ్వరం వస్తున్నా అది ఈ లెక్కలోది కాదు. వెంటనే ఎక్స్-రే, తెమడ పరీక్ష చేయించాలి. మన దగ్గర టీబీని ఎప్పుడూ మరిచిపోకూడదు.

ఇక అసలు టెన్షన్. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను, అప్పు ఉన్న ఇంట్లో నిద్ర ఎలా ఉంటుందో తెలుసు. కానీ సిగరెట్ తగ్గించే టెన్షన్‌లో ఎక్కువ భాగం సిగరెట్ పుట్టించిందే. రక్తంలో నికోటిన్ రెండు గంటల్లో సగం అవుతుంది. అప్పుడు చిరాకు, చేతులు ఆడకపోవడం, ఏదో వెలితి. ఒకటి వెలిగించగానే ఆ వెలితి తీరుతుంది. 'హమ్మయ్య, టెన్షన్ తగ్గింది' అనిపిస్తుంది. మానేసినవాళ్లనూ మానని వాళ్లనూ పోల్చిన 26 అధ్యయనాలను 2014లో కలిపి చూస్తే, మానేసినవాళ్లకు కొన్ని వారాల తర్వాత ఆందోళన, దిగులు తగ్గాయే కానీ పెరగలేదు. మొదటి వారం మాత్రం కష్టం. అందులో మొదటి రెండు మూడు రోజులు మరీ కష్టం. ఆ రోజుల్లో ఆయన విసుక్కుంటే మీ మీద కోపం అనుకోకండి.

ఒట్టి మనోబలంతో మానమనకండి. నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించే అలవాటుంటే 4 మిల్లీగ్రాములది కావాలి. దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే కడుపులో మంట, ఎక్కిళ్లు వచ్చి పారేస్తారు. నాలుగైదుసార్లు మెల్లగా నమలాలి, నోట్లో ఘాటు తెలియగానే చిగురుకూ చెంపకూ మధ్య పెట్టి ఉంచాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. నమలడానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు, అవి నోట్లో ఉంటే నికోటిన్ ఒంటికి పట్టదు. లారీ నడిపిన మనిషికి టీ, బీడీ జోడీ కాబట్టి ఇది నొక్కి చెప్తున్నాను. మొదటి నెల టీ కొట్టు దగ్గర ఆగకుండా టీ ఇంట్లోనే తాగమనండి. వారెనిక్లిన్, బ్యుప్రోపియాన్ అనే మాత్రలు కూడా బాగా పనిచేస్తాయి, డాక్టర్ చూసి రాయాలి. 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే పొగాకు మాన్పించడానికి ప్రభుత్వం తరఫున ఉచితంగా సలహా ఇస్తారు. సిగరెట్ బదులు ఖైనీ, గుట్కా వద్దే వద్దు. ఈ-సిగరెట్ 2019 నుంచి మన దేశంలో నిషేధం, దాని ఆవిరిలోనూ ఈ ఆక్సీకరణ రసాయనాలు ఉంటాయి.

ఒకసారి జారి ఒకటి తాగితే 'చెప్పాం కదా, నీ వల్ల కాదు' అనకండి. చాలామంది నాలుగైదు ప్రయత్నాల తర్వాతే మానేస్తారు. ఆయనకు ఇప్పటికే ఒక ప్రయత్నం, పది రోజుల అనుభవం ఉన్నాయి.

మీ అమ్మగారిది మరిచిపోలేదు. కట్టెల పొగలోనూ ఇవే రాడికల్స్, ఇదే తుప్పు. మన పల్లెల్లో బీడీ ముట్టని ఆడవాళ్లకు సీఓపీడీ వస్తున్నది ముఖ్యంగా ఈ పొయ్యి వల్లే. గ్యాస్ ఉన్నా నీళ్లు కాచుకోవడానికి, ఎక్కువమందికి వండటానికి కట్టెల పొయ్యే వాడుతుంటారు. పొయ్యిని బయట చావడిలోకి మార్చండి. ఈసారి నాన్నగారితో ఆమెనూ తీసుకెళ్లి స్పైరోమెట్రీ చేయించండి. ఆడవాళ్ల ఆయాసాన్ని వయసు మీద, రక్తహీనత మీద తోసేసి ఈ పరీక్ష చేయకుండా వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. బాధగా ఉంటుంది.

నాన్నగారికి ఫ్లూ టీకా ఏడాదికోసారి, న్యుమోనియా టీకా డాక్టర్ చెప్పిన ప్రకారం వేయించండి. ఇన్‌హేలర్ పీల్చే తీరు డాక్టర్ ముందే ఒకసారి చేసి చూపించమనండి, చాలామంది మందును నాలుక మీదే వదిలేస్తారు. రోజూ పొద్దున ఓ అరగంట నడిపించండి, ఆయాసం వస్తే ఆగి మళ్లీ నడవాలి. పెదవులు నీలంగా మారినా, ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోయినా, మత్తుగా పడిపోతున్నా ఆ రాత్రికి ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డబ్బా సీలు తీయకపోతే తిరిగి ఇచ్చేయండి. ఆ 2,800 గమ్‌కు పనికొస్తాయి. స్పైరోమెట్రీ కాగితం పారేయకండి. ఏడాది తర్వాత మళ్లీ చేయించి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. మళ్లీ ఉత్తరం రాసినప్పుడు ఆ కాగితంలో ఎఫ్‌ఈవీ1 అన్న వరుసలో ఉన్న అంకె, నాన్నగారు చివరి సిగరెట్ తాగిన తేదీ, ఈ రెండూ రాయండి.